లంక ఊళ్ల మురుగునీరు: లెక్క నీటిమట్టం దగ్గర మొదలవ్వాలి

మురుగునీటి పథకాల అంచనాలు మామూలుగా జనాభాతో మొదలవుతాయి. ఇళ్లెన్ని, మనిషికి రోజుకు నీళ్లెన్ని, మొత్తం మురుగెంత అని తేల్చాక ట్యాంకు, పైపు, పంపు లెక్కలోకి వస్తాయి. మెట్ట ఊరికి ఈ వరస సరిపోతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న లంకలకూ, సముద్రం అంచున ఉన్న బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి మత్స్యకార గ్రామాలకూ సరిపోదు. అక్కడ ముందుగా తెలియాల్సింది ఒకటే: వానాకాలంలో నేల కింద నీళ్లు ఎంత లోతున ఉంటాయి? జవాబు మీటరు లోపు అయితే, ఇంకుడు గుంత మీద ఆధారపడిన ప్రతి నమూనా పక్కన పెట్టాల్సిందే. లంకల్లో చాలాచోట్ల ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే జవాబు అదే. ఏటిగట్టుకు నదివైపున్న ఊళ్లలోనైతే వరద రోజుల్లో ఆ మట్టం నేల మీదికే వస్తుంది.

కొలవడం కష్టమేమీ కాదు. చేతి ఆగర్‌తో రెండు మీటర్ల లోతు బొరియ తీసి, చిల్లులు పెట్టిన రెండంగుళాల పీవీసీ పైపు దించి, ఒక రోజు ఆగి టేపుతో కొలవాలి. సెప్టెంబరులో కొలిస్తేనే లెక్క. ఏప్రిల్‌లో కొలిచి డిజైన్ చేసిన గుంతలే సెప్టెంబరులో పైకి పొంగుతాయి. తప్పనిసరై ఎండాకాలంలో కొలవాల్సి వస్తే, ఆగర్‌తో వచ్చిన మట్టినే చూడాలి. బూడిద రంగు ఒండ్రులో తుప్పు రంగు మచ్చలు ఎంత లోతులో మొదలయ్యాయో, ఏటా నీళ్లు అక్కడిదాకా వచ్చి నిలుస్తున్నాయని అర్థం. ఉత్త ఇసుకలో ఈ మచ్చలు సరిగా పడవు. అలాంటిచోట పాత నూతి ఒరల మీది మరకలే ఆధారం.

నీటిమట్టానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఇంకుడు గుంతలో శుద్ధి చేసేది గుంత కాదు, దాని కింద ఉన్న పొడి మట్టి. మట్టి రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపు మురుగు సన్నని పొరగా, నెమ్మదిగా దిగుతుంది. సూక్ష్మజీవులు రేణువులకు అంటుకుని అక్కడే చస్తాయి. అదే మట్టి నీళ్లతో నిండి ఉంటే మురుగు భూగర్భ జలంతో కలిసి పక్కకు నడుస్తుంది. ఒరలతో కట్టే లీచ్ పిట్ (ఇంకుడు గుంత) మరుగుదొడ్లకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 12314 ఈ తేడాను లెక్కలోకి తీసుకుంది. సన్నని మట్టిలో గుంత అడుగు నీటిమట్టానికి రెండు మీటర్లు పైన ఉంటే, తాగునీటి బావికి మూడు మీటర్ల దూరం చాలు. అంత ఎడం లేకపోతే పది మీటర్లు కావాలి. ముతక ఇసుక నేలలో గుంత అడుగు మూసేసి, చుట్టూ అర మీటరు మందాన సన్నని ఇసుక నింపాలి. నీళ్లు నిలిచే చోట గుంత పైభాగాన్ని నీటి ఎత్తుకు 30 సెం.మీ. పైకి లేపి, చుట్టూ మీటరు వెడల్పున మట్టి దిమ్మిస చేయాలి. మూడు నాలుగు సెంట్ల స్థలంలో ఇల్లు, చేతిపంపు, రెండు గుంతలు ఇరుక్కున్న లంక పేటలో పది మీటర్లు కాగితం మీదే మిగులుతుంది.

తీరానికి దగ్గరయ్యేకొద్దీ ఇంకో చిక్కు ఉంది. లోతుకు వెళ్తే ఉప్పునీళ్లు. వాన, ఏటి నీళ్లు ఇంకి, ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొర పైపైనే ఉంటుంది. అందుకే చేతిపంపులు తక్కువ లోతులోనే ఆపుతారు. ఇంకుడు గుంత వదిలేదీ, చేతిపంపు తోడేదీ ఒకే పొర నీళ్లన్నమాట. మెట్టలోలాగా ‘బోరు ఇంకాస్త లోతుకు దించుదాం’ అనే దారి ఇక్కడ లేదు.

నిండని ట్యాంకు

‘ఇరవై ఏళ్లయినా మా ట్యాంకు నిండలేదు’ అని గొప్పగా చెప్పుకోవడం డెల్టాలో ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. అడుగున కాంక్రీటు వేయకుండా, లోపల ప్లాస్టరింగ్ లేకుండా కట్టిన సెప్టిక్ ట్యాంకు నిండదు, కారిపోతుంది. మేస్త్రి కావాలనే అలా కడతాడు, ఇంటివాళ్లు కూడా అదే అడుగుతారు. వానాకాలంలో ఇదంతా తిరగబడుతుంది. బయటి నీళ్లు లోపలికి ఊరి, మడ్డిని లేపి బయటికి తోస్తాయి.

అసలైన సెప్టిక్ ట్యాంకుకు కొలతలు ఐఎస్ 2470లో ఉన్నాయి. ఐదుగురికి లోపలి పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 75 సెం.మీ., నీటి లోతు ఒక మీటరు, దాని పైన 30 సెం.మీ. ఖాళీ. ఇది రెండేళ్లకోసారి మడ్డి తీసే లెక్క. బయటికి పోయే పైపు, లోపలికి వచ్చే పైపుకన్నా 5 సెం.మీ. దిగువన ఉండాలి. రెండు వైపులా ‘టీ’ పైపులు పెట్టి, లోపలి కొస నీటిలో 30 సెం.మీ. మునగాలి. చాలా ట్యాంకుల్లో బయటివైపు టీ ఉండదు. కొన్ని వందల రూపాయల ముక్క అది. అది లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా పైపులోకి వెళ్తుంది. ఆ తర్వాత నీళ్లు వడకట్టడానికి ఎంత మంచి ఇసుక పడక కట్టినా రెండు మూడేళ్లలో జిడ్డు పట్టి ఆగిపోతుంది. ట్యాంకు కట్టాక నీళ్లు నింపి, గోడ పీల్చుకున్నంత పీల్చుకోనిచ్చి, తర్వాత 24 గంటల్లో మట్టం తగ్గకుండా ఉందో లేదో చూడాలి. లంకలో దీనికి తోడు ఉల్టా పరీక్ష కూడా చేయాలి. నేలనీళ్లు పైకి ఉన్న రోజుల్లో పావు వంతు మాత్రం తోడి, రాత్రంతా వదిలి, పొద్దున మట్టం పెరిగిందేమో చూడాలి. మొత్తం మాత్రం తోడకూడదు. కారణం తేలే బలం.

ఆ బలం లెక్క ఇదీ. పైన చెప్పిన ట్యాంకును తొమ్మిది అంగుళాల ఇటుక గోడతో, అడుగున 15 సెం.మీ. కాంక్రీటు, పైన 10 సెం.మీ. మూతతో కడితే, బయటి కొలతల ప్రకారం దాదాపు 3.7 ఘనపు మీటర్లు. చుట్టూ నేలమట్టందాకా నీళ్లుంటే అవి ట్యాంకును 3.7 టన్నులతో పైకి నెడతాయి. ఖాళీ ట్యాంకు బరువు 4 టన్నుల పైచిలుకు. అంటే బతికిపోతుంది గానీ మిగులు తక్కువ, అడుగు కాంక్రీటు పగిలే ప్రమాదం ఉంటుంది. అదే ట్యాంకును ఖర్చు తగ్గించి నాలుగున్నర అంగుళాల గోడతో కడితే నెట్టే బలం 2.6 టన్నులు, బరువు 2.3 టన్నుల లోపు. చుట్టూ మట్టి పట్టు వదిలితే లేస్తుంది. రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని పట్టి ఉంచాలంటే, నీటిలో మునిగిన కాంక్రీటు నికర బరువు ఘనపు మీటరుకు 1.4 టన్నులే గనక, దాదాపు 1.4 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. కొంచెం జాగ్రత్తకు 1.7. ఇంత పోసి పట్టీలతో బిగించేదానికి, ట్యాంకును సగం నేలపైకి లేపి మెరక మీద కట్టడం చవక.

తీరం పక్కన ఉప్పు చేసే పని వేరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. ఉప్పుబోరు నీళ్లు దొడ్డిలో పోసినా, చీలికల్లోంచి ఊరినా, గాలి లేని ట్యాంకులో సూక్ష్మజీవులు ఆ సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన ఒక్కటే అయితే భరించవచ్చు. ఆ వాయువు మూత కిందివైపు తేమలో కరిగి గంధకామ్లమవుతుంది. సిమెంటు మెత్తబడి గోటితో గీస్తే రాలుతుంది, లోపలి కడ్డీలు తుప్పెక్కి ఉబ్బి పెచ్చులూడతాయి. నీటిలో మునిగిన గోడలు గట్టిగానే ఉండి మూత మాత్రం కూలిన ట్యాంకులకు కారణం ఇదే. స్లాగ్ సిమెంటు వాడటం, కడ్డీకి కనీసం 4–5 సెం.మీ. కాంక్రీటు కప్పు ఉంచడం, ఇంటి కప్పు దాటి పైకి వెళ్లే గాలి గొట్టం పెట్టడం — ఈ మూడూ చేస్తే మూత ఆయుష్షు బాగా పెరుగుతుంది.

ట్యాంకు దాటిన నీళ్లు

సెప్టిక్ ట్యాంకు సగం పని కూడా చేయదు. ఘనపదార్థం చాలావరకు ఆగుతుంది, బీఓడీ (నీటిలోని సేంద్రియ మలినం కుళ్లడానికి కావాల్సిన ఆక్సిజన్) మూడో వంతు మేర తగ్గుతుంది, రోగకారకాలు దాదాపు అలాగే బయటికి వస్తాయి. బయటికి వచ్చిన నీళ్లను ఎక్కడ పంపాలన్నదే లంకలో అసలు ప్రశ్న.

విడి ఇంటికి ఎత్తైన ఇసుక పడక మేలు. గడ్డి చెక్కి, నేలను గుల్ల చేసి, దాని మీద 60 సెం.మీ. మందాన మధ్యరకం ఇసుక, ఆ పైన 20 సెం.మీ. కంకరలో చిల్లుల పైపు. ఇసుక చదరపు మీటరుకు రోజుకు 40 లీటర్లకు మించి పోయకూడదు. మనిషికి 44 లీటర్ల చొప్పున ఐదుగురికి 220 లీటర్లు, అంటే ఐదున్నర చదరపు మీటర్లు. ఆరు చేయవచ్చు. ఏటి సన్న ఇసుక దీనికి పనికిరాదు, వెంటనే మూసుకుపోతుంది. ఆ ఎత్తుకు పంపు లేకుండా నీళ్లెక్కాలంటే దొడ్డి గద్దె దానికన్నా పైన ఉండాలి. లంకల్లో వరద కోసం ఇళ్లు ఎలాగూ మెరక చేసి కడుతున్నారు గనక, దొడ్డినీ అదే మెరక మీదికి ఎక్కించడానికి మట్టి ఖర్చు తప్ప వేరే అడ్డంకి లేదు. స్నానం, వంటింటి నీళ్లను ఈ పడకలో కలపకుండా జిడ్డు కుండీ దాటించి అరటి, చేమ మడికి వదిలితే పడక సైజు సగానికి పైగా తగ్గుతుంది.

నూరు ఇళ్ల పేటకు ఉమ్మడి ఏర్పాటు చేయాలంటే ముందు పైపు వాలు చూడాలి. మామూలు మురుగు పైపు 1:100 వాలుతో 300 మీటర్లు వేస్తే చివర మూడు మీటర్ల లోతుకు వెళ్తుంది. లంకలో అది నీళ్లలోనే తవ్వకం. ప్రతి ఇంటికో, నాలుగిళ్లకో ట్యాంకు పెట్టి, మడ్డి లేని నీళ్లను మాత్రమే మూడు నాలుగు అంగుళాల సన్న పైపులో పంపితే 1:200 వాలు చాలు. దిగేది మీటరున్నర. అందులో ఇంటి మెరక 75 సెం.మీ. పోను నేలలోకి వెళ్లేది ఇంకో 75. ఊరంతా తవ్వి పెద్ద పైపులు వేసే ప్రతిపాదనలకన్నా ఇది వందరెట్లు నయం, కానీ ఒక షరతు ఉంది: ఇళ్ల దగ్గరి ట్యాంకుల మడ్డి వేళకు తీయకపోతే సన్న పైపు మొత్తం పూడుతుంది.

జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. అందులో ఎనభై శాతం మురుగవుతుందనుకుంటే 400 మందికి రోజుకు సుమారు 17.6 ఘనపు మీటర్లు. దీన్ని ముందు అడ్డుగోడల ట్యాంకులోకి పంపాలి. మీటరు పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర నీటి లోతుతో ఆరు గదులు. ప్రతి గదిలో నీళ్లు అడుగు నుంచి పైకి, మడ్డి పొర గుండా వెళ్తాయి. పొద్దున రద్దీ గంటలో మూడు ఘనపు మీటర్లు వచ్చినా పైకెక్కే వేగం గంటకు మీటరు దాటదు. దాటితే మడ్డి కొట్టుకుపోతుంది. తర్వాత కంకర పడక, మనిషికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు. మొత్తం 600–800, అంటే 15–20 సెంట్లు. 60 సెం.మీ. లోతు కంకర, అడుగున నీరు దిగని మట్టి లేదా షీటు, కంకర పైభాగానికి 5–10 సెం.మీ. కిందే నీటిమట్టం. నీళ్లు పైన కనబడ్డాయంటే దోమలు వచ్చినట్టే.

ఖర్చు అసలు కంకర దగ్గర పెరుగుతుంది. 600 చదరపు మీటర్లకు 360 ఘనపు మీటర్లు. వంతెన లేని లంకకు అదంతా పంటు మీద రావాలి. ఊళ్లో పాత ఇళ్లు విప్పినప్పుడు మిగిలే పెంకులు, మాడు ఇటుకలు 20–40 మి.మీ. ముక్కలుగా కొట్టి వాడితే కంకరకు బాగానే బదులవుతాయి. మెత్తగా కాలిన ఇటుక మాత్రం నీళ్లలో నాని బురదవుతుంది, వాడకూడదు. పడకలో నాటే మొక్కల్లో మెట్టతామర అందంగా ఉంటుంది కనక కాంట్రాక్టర్లకు ఇష్టం. ఉప్పు పెరిగితే మొదట ఆకు అంచులు మాడేది దానికే. తీరం దగ్గర జమ్ము, ఇంకా ఉప్పైతే కిక్కస గడ్డి నిలుస్తాయి.

విద్యుత్‌తో గాలి కొట్టే రెడీమేడ్ ప్లాంట్లు కూడా ఈ ఊళ్లకు ప్రతిపాదనల్లో వస్తుంటాయి. చిన్న స్థలం, స్వచ్ఛమైన నీళ్లు అన్నది నిజమే. వరద వస్తే లంకలకు కరెంటు రోజుల తరబడి తీసేస్తారన్నదీ అంతే నిజం. గాలి ఆగితే ప్లాంటులోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి, మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. ఏటా వరద చూసే ఊరికి దీన్ని సిఫారసు చేయడం సరికాదు. మురుగును చెరువుల్లో నిలిపి శుద్ధి చేసే పద్ధతి మంచిదే, కానీ కొబ్బరి తోట తప్ప ఖాళీ నేల లేని లంకలో అంత స్థలం ఎవరూ ఇవ్వరు. మూత్రం వేరు చేసి బూడిద చల్లే పొడి దొడ్లు సాంకేతికంగా లంకకు అన్నిటికన్నా సరైనవి. గది మొత్తం నేలపైనే ఉంటుంది, నీళ్లతో పని లేదు. తమిళనాడులోని ముసిరిలో ఇవి నడిచాయి. అయితే కడుక్కునే నీళ్లు వేరే గుంటలోకి పోవాలి. ఇంట్లో ఒక్కరు క్రమం తప్పినా గది తడిసి పాడవుతుంది. పట్టుదలగా వెంటబడే మనిషి ఊళ్లో ఉంటే తప్ప వీటి జోలికి వెళ్లకపోవడం మేలు.

పడక దాటిన నీటిలో బీఓడీ లీటరుకు 30 మి.గ్రా. లోపుకి రావడం సాధ్యమే. కేంద్రం 2017లో పెద్ద నగరాలు కాని ప్రాంతాలకు పెట్టిన హద్దు అదే. మలసంబంధ కోలిఫాం సూక్ష్మజీవుల హద్దు 100 మి.లీ.లో 1000. కంకర పడక ఒక్కటే దాన్ని అందుకోలేదు. కాబట్టి ఈ నీళ్లు పంట కాలువలోకి అస్సలు వెళ్లకూడదు. డెల్టాలో పంట కాలువే మంచినీటి చెరువుకూ ఆధారం. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకుంటారు. ఈ నీళ్లకు తగిన చోటు కొబ్బరి తోట. చెట్టుకు రోజుకు 50–60 లీటర్ల లెక్కన 17.6 ఘనపు మీటర్లు మూడు వందల చెట్లకు, అంటే నాలుగెకరాలకు పైగా తోటకు వస్తాయి. బోదెలో పారించి పైన డొక్కలు, ఆకులు కప్పితే చాలు. కాయ పైన ఉంటుంది, నీళ్లు కింద ఉంటాయి. కింద రాలిన కాయలు ఏరే కూలీలకు మాత్రం బూట్లు ఉండాలి. వానాకాలంలో తోటకు అక్కర్లేని నీళ్లను మురుగు కాలువకు వదలాల్సి వస్తే, సముద్రపు పోటు తీసే వేళే వదలాలి. పోటు ఎక్కేటప్పుడు వదిలిన నీళ్లు కాలువలో వెనక్కి తన్ని, పక్క రొయ్యల చెరువు మోటారు పీల్చుకునే చోటికే చేరతాయి.

మడ్డి, వరద

లంక పథకాల అంచనాల్లో ఎప్పుడూ ఉండని పద్దు మడ్డి. ఐఎస్ లెక్క ప్రకారం మనిషికి ఏడాదికి సుమారు 77 లీటర్లు, 400 మందికి దాదాపు 31 ఘనపు మీటర్లు. మూడు వేల లీటర్ల ట్రాక్టర్ ట్యాంకు పది ట్రిప్పులు పంటు ఎక్కాలి. పంటు దిగాక రాత్రిపూట ఏటిలో వదలకుండా ఏ రసీదూ ఆపలేదు. అందుకే ఊళ్లోనే వరద మట్టానికి పైన రెండు ఆరబెట్టే మళ్లు కట్టాలి, ఒక్కొక్కటి 15 చదరపు మీటర్లు. అడుగున కంకర, పైన ఇసుక, 25 సెం.మీ. మందాన మడ్డి. ఎండాకాలంలో రెండు మూడు వారాల్లో పారతో ఎత్తేంత గట్టిపడుతుంది. కారిన నీళ్లు తిరిగి అడ్డుగోడల ట్యాంకులోకే పంపాలి. ఎండిన మడ్డిని కొబ్బరి పీచు పొట్టుతో కలిపి కుప్ప పెట్టవచ్చు. పొట్టు త్వరగా కుళ్లదు కనక పచ్చి ఆకు, పేడ కూడా కావాలి. నులిపురుగుల గుడ్లు మొండివి. కుప్ప లోపల కొన్ని రోజులపాటు 55 డిగ్రీలు నిలవకపోతే, రెండేళ్లు పక్కన ఉంచాకే తోటకు వేయాలి. మడ్డి తీయడానికి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి హైడ్రోజన్ సల్ఫైడు ముందు వాసన తెలిసే శక్తినే పోగొడుతుంది, రెండు మూడు ఊపిర్లలో మనిషి పడిపోతాడు. పంపు గొట్టం, పొడవాటి కర్ర తప్ప వేరే పనిముట్టు ఉండకూడదు.

మడ్డి తీయాల్సిన నెలలు ఫిబ్రవరి నుంచి మే వరకు. అప్పుడే మళ్లు ఎండుతాయి, అప్పుడే నేలనీళ్లు దిగి ఉంటాయి కనక ట్యాంకు లేచే భయం లేదు. ‘వరద వస్తోంది, ముందే ఖాళీ చేద్దాం’ అనుకుని జూలైలో తోడించడం అన్నిటికన్నా చెడ్డ పని. ధవళేశ్వరంలో 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక వచ్చినప్పుడు చేయాల్సింది దానికి ఉల్టా: ట్యాంకు నిండా నీళ్లు పోసి, మూతల సందులు మట్టితో మూసి, బయటి పైపుకు నాలుగంగుళాల ఎండ్ క్యాప్ బిగించాలి. రెండో హెచ్చరిక 13.75 అడుగులు వచ్చేసరికి దొడ్ల వాడకం ఆపి, జనం వెళ్లే పునరావాస కేంద్రంలో తాత్కాలిక దొడ్లు సిద్ధం చేయాలి.

నీళ్లు తీశాక తొందరపడి తోడకూడదు. నేలనీళ్లు కొలవడానికి దించిన పీవీసీ పైపులో నీటిమట్టం ట్యాంకు సగానికి దిగేదాకా ఆగాలి. క్యాప్ తీసి, టీలు ఊడాయేమో చూసి, పడక మీద పేరుకున్న ఒండ్రును తడిగా ఉన్నప్పుడే గీకి తీయాలి. ఎండితే పై కంకర ఐదారు సెంటీమీటర్లు మార్చాల్సి వస్తుంది. దొడ్డిలో బ్లీచింగ్ పోయడం వద్దు, ట్యాంకులోని సూక్ష్మజీవులు చస్తాయి. బ్లీచింగ్ నీటి ట్యాంకుకు, మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. చేతిపంపు నీళ్లను హెచ్2ఎస్ సీసాలో (మలం కలిసిన నీళ్లయితే నల్లబడే పరీక్ష సీసా) పోసి రెండు రోజులు చూడాలి. నల్లబడితే ఆ పంపు హ్యాండిల్ విప్పేసి, క్లోరినేషన్ చేయించి, వారం తర్వాత మళ్లీ సీసా పెట్టాలి. రెండోసారీ నల్లబడితే తప్పు వరదది కాదు. పది మీటర్ల లోపల కారుతున్న ట్యాంకు ఏదో వెతకాలి.